రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ (1809 - 1865) ఇంగ్లండు దేశం నుండి మచిలీపట్నం వచ్చి తెలుగు బాలురకు ఇంగ్లీషు విద్య నేర్పిన క్రైస్తవ మతగురువు, ఉపాధ్యాయుడు. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున 1841లో భారతదేశానికి వచ్చిన ఇతడు 1843లో మచిలీపట్నంలో ఒక ఇంగ్లీషు పాఠశాలను స్థాపించాడు. ఆ పాఠశాలయే కాలక్రమాన నోబుల్ కళాశాలగా ప్రసిద్ధి చెందింది. ఇంగ్లండు విడిచిన తరువాత నోబుల్ మరల స్వదేశానికి వెళ్ళలేదు. వివాహం చేసుకోలేదు. 24 సంవత్సరాల కాలం ఈ దేశంలోనే గడిపి, మచిలీపట్నంలోనే మరణించాడు.

కోస్తా ఆంధ్రలో ఇంగ్లీషు చదువు వేళ్ళూనడానికి తోడ్పడిన తొలితరం ఉపాధ్యాయులలో నోబుల్ ముఖ్యుడు. అయితే ఇతని కృషి వివాదరహితమైనది కాదు. పాఠశాల యొక్క ముఖ్యోద్దేశం మతబోధ కావడం, అంటరానివారుగా చూడబడిన కులాల బాలురకు అందులో ప్రవేశం లేకపోవడం అనే రెండు విషయాలపై ఆ కాలంలోనే అభ్యంతరాలు వచ్చాయి. మొదటి అభ్యంతరం పట్టణవాసుల నుండి వచ్చింది. రెండవది తోటి క్రైస్తవ బోధకుల నుండి వచ్చింది.

జననం, విద్య

నోబుల్ 1809లో ఇంగ్లండులోని లీసెస్టర్‌షైర్ ప్రాంతంలో ఫ్రిస్బీ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ నోబుల్ ఆ గ్రామపు చర్చిలో మతగురువు. తండ్రి సంతానంలో రాబర్ట్ చిన్నవాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన సిడ్నీ సస్సెక్స్ కళాశాలలో ఉన్నత విద్య అభ్యసించాడు.

ఆ రోజులలో కేంబ్రిడ్జిలో ఛార్లెస్ సిమియన్ అనే మతగురువు ప్రభావం బలంగా ఉండేది. 1799లో లండనులో ఏర్పడిన చర్చ్ మిషనరీ సొసైటీకి తోడ్పడినవారిలో సిమియన్ ఒకడు. విశ్వవిద్యాలయ పట్టం పొందిన యువకులు విదేశాలకు వెళ్ళి క్రైస్తవ మతబోధ చేయాలని సిమియన్ ప్రోత్సహించేవాడు. ఆ విధంగా బయలుదేరినవారి సంఖ్య మాత్రం స్వల్పమే. స్వదేశంలో స్థిరమైన ఉద్యోగం, గౌరవం లభించే అవకాశం ఉన్నవారు తిరిగివస్తామన్న నమ్మకం లేని దూరదేశాలకు వెళ్ళడానికి సహజంగానే వెనుకాడేవారు. నోబుల్ ఇండియాకు బయలుదేరేనాటికి వయస్సు 32 సంవత్సరాలకు చేరువలో ఉన్నది.

ఇంగ్లీషు విద్యకు నేపథ్యం

నోబుల్ రాకకు పూర్వం తెలుగు నాట చదువు ముఖ్యంగా వీధిబడులలో సాగేది. అయ్యవారి ఇంటి అరుగే బడి. పిల్లలు ముందుగా ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. తరువాత గుణింతాలు, ఎక్కాలు, పద్యాలు వల్లెవేసేవారు. పెద్ద తరగతుల పిల్లలు తాటాకులపై గంటంతో వ్రాయడం నేర్చేవారు. అయ్యవారికి జీతంగా డబ్బుతో పాటు ధాన్యం, కూరగాయలు, పండుగ కానుకలు ముట్టేవి. వేదం, తర్కం, వ్యాకరణం వంటి పై చదువులు అగ్రహారాలలో బ్రాహ్మణ విద్యార్థులకు లభించేవి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని అన్ని జిల్లాల బడుల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. అప్పటికి ప్రభుత్వం నుండి బడులకు లభించే సహాయం చాలా తక్కువ.

1830లో అలెగ్జాండర్ డఫ్ అనే స్కాట్లండు మతబోధకుడు కలకత్తాలో ఒక ఇంగ్లీషు పాఠశాల ప్రారంభించాడు. పై వర్ణాల కుటుంబాల పిల్లలు వీధిలో జరిగే మతప్రసంగాలు వినరు గాని, ఇంగ్లీషు చదువు కోసం బడికి వస్తారనీ, ఆ చదువుతో పాటు బైబిలు చెబితే క్రమంగా సమాజపు పై భాగం మారుతుందనీ డఫ్ భావించాడు. 1835లో బెంటింక్ ప్రభుత్వం ప్రజావిద్యకు కేటాయించిన సొమ్మును ఇంగ్లీషు విద్యకు వినియోగించాలని నిర్ణయించింది. ఇంగ్లీషు వస్తే కచేరీలలో ఉద్యోగం వస్తుందన్న ఆశ దీనితో బలపడింది. 1837లో జాన్ అండర్సన్ మద్రాసులో డఫ్ పద్ధతిలో మరొక పాఠశాల తెరిచాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలకు ఇదే మూలం. కలకత్తాలో డఫ్, మద్రాసులో అండర్సన్ చేసిన ప్రయత్నాన్నే నోబుల్ తెలుగు దేశంలో చేపట్టాడు.

మచిలీపట్నం ఆనాటి స్థితి

మచిలీపట్నాన్ని బందరు అని కూడా అంటారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకొన్నది. డచ్చివారు, ఫ్రెంచివారు కూడా ఇక్కడ వ్యాపారం చేశారు. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుండి కోటను పట్టుకోవడంతో పట్టణం ఇంగ్లీషువారి వశమయింది. కలంకారీ అద్దకపు బట్టలు ఇక్కడి నుండి ఓడల మీద పారశీకం వంటి దేశాలకు వెళ్ళేవి.

నోబుల్ వచ్చేనాటికి ఆ వైభవం తగ్గిపోయింది. ఇంగ్లండు మరనేత బట్టల పోటీకి చేతినేత, అద్దకం పనులు దెబ్బతిన్నాయి. 1833 నాటి నందన కరువు (డొక్కల కరువు) గుంటూరు, బందరు ప్రాంతాలలో ఎన్నో గ్రామాలను నిర్జనం చేసింది. కృష్ణానదిపై బెజవాడ వద్ద ఆనకట్ట ఇంకా లేదు. పట్టణం చుట్టూ ఉప్పు కయ్యలు, చిత్తడి నేలలు ఉండేవి. జ్వరాలు తరచుగా వచ్చేవి. అయినా ఇది ఒక జిల్లాకు ముఖ్యపట్టణం. కలెక్టరు కచేరీ, జిల్లా కోర్టు, సైనిక దళం ఉండేవి. కాబట్టి ఇంగ్లీషు తెలిసిన గుమాస్తాల అవసరం ఉండేది. పట్టణంలోని కొందరు ఇంగ్లీషు అధికారులు తమలో తాము చందాలు పోగుచేసి, తెలుగువారి మధ్య పనిచేయడానికి బోధకులను పంపవలసిందిగా చర్చ్ మిషనరీ సొసైటీని కోరారు. ఆ కోరికను మన్నించి సొసైటీ ఇద్దరిని పంపింది. వారిలో ఒకడు నోబుల్, రెండవవాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్.

ప్రయాణం, తెలుగు అభ్యాసం

ఫాక్స్ 1817లో జన్మించాడు. రగ్బీ పాఠశాలలో థామస్ ఆర్నాల్డు శిష్యుడు. ఆక్స్‌ఫర్డులో చదివాడు. నోబుల్, ఫాక్స్ 1841 మార్చిలో ఇంగ్లండు నుండి ఓడలో బయలుదేరి జూలైలో మద్రాసు చేరారు. సూయెజ్ కాలువ 1869లో గాని ప్రారంభం కాలేదు. అందువలన ఓడలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి ఉండేది. ప్రయాణానికి సుమారు నాలుగు నెలలు పట్టింది.

మచిలీపట్నం చేరిన తరువాత ఇద్దరూ పనిని పంచుకున్నారు. ఫాక్స్ గ్రామాలకు, తిరునాళ్ళకు వెళ్ళి తెలుగులో మతప్రసంగాలు చేసేవాడు. నోబుల్ పట్టణంలోనే ఉండి పాఠశాల నడపాలని నిర్ణయించుకున్నాడు. అయితే వెంటనే బడి తెరవలేదు. దాదాపు రెండు సంవత్సరాలు తెలుగు నేర్చుకోవడానికి వినియోగించాడు.

ఆ కాలంలో తెలుగు నేర్చుకొనే విదేశీయునికి సాధనాలు కొద్దిగానే ఉండేవి. ఎ.డి. కాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణం 1816లో, నిఘంటువు 1821లో వెలువడ్డాయి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వ్యాకరణం 1840లో అచ్చయింది. బ్రౌన్ తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు రావడానికి ఇంకా పదేళ్ళకు పైగా సమయం ఉన్నది. కాబట్టి మిగిలినదంతా పండితుల నోటి నుండి వినడం ద్వారానే నేర్చుకోవాలి. పిల్లలకు ఇంగ్లీషు నేర్పబోయేవాడు ముందుగా పిల్లల భాషలో తాను విద్యార్థి కావడం చెప్పుకోదగిన విషయం. పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో, ఏ ధ్వని అతని నోట పలకదో, ఏ భావానికి అతని భాషలో మాట ఉన్నదో తెలియని ఉపాధ్యాయుడు పరాయి భాషను ఎంతో కాలం నేర్పలేడు.

ఫాక్స్ ఆరోగ్యం ఇక్కడి వాతావరణానికి తట్టుకోలేదు. అతని భార్య 1845లో మరణించింది. ఫాక్స్ చివరకు ఇంగ్లండుకు తిరిగివెళ్ళి 1848లో, 31 ఏళ్ళ వయస్సులో మరణించాడు. అతని జ్ఞాపకార్థం రగ్బీ పాఠశాలవారు నిధి సమకూర్చి, మచిలీపట్నం పాఠశాలలో ఒక ఉపాధ్యాయ పదవిని పోషించారు. రగ్బీ - ఫాక్స్ ఉపాధ్యాయ పదవిగా దానికి పేరు వచ్చింది.

పాఠశాల స్థాపన

నోబుల్ పాఠశాల 1843 నవంబరులో ప్రారంభమయింది. మొదట చేరిన విద్యార్థులు వేళ్ళపై లెక్కింపదగినంత మంది మాత్రమే. తెల్లదొర బడికి పంపితే పిల్లవాడు కులం చెడిపోతాడేమోనన్న భయం తల్లిదండ్రులలో ఉండేది. మరొకవైపు ఇంగ్లీషు వస్తే కచేరీలో కొలువు దొరుకుతుందన్న ఆశ కూడా ఉండేది. మెల్లగా ఆశదే పైచేయి అయింది. పట్టణంలోని బ్రాహ్మణ, ఇతర పై వర్ణాల కుటుంబాలతో పాటు ముస్లిం కుటుంబాల నుండి కూడా బాలురు చేరసాగారు.

ఇంగ్లీషుతో పాటు తెలుగు, గణితం, చరిత్ర, భూగోళం వంటి విషయాలు బోధించేవారు. బైబిలు పఠనం అందరికీ తప్పనిసరి. ఈ నియమాన్ని నోబుల్ ఏనాడూ దాచలేదు, సడలించలేదు. తన బడిలో మతబోధ జరుగుతుందని తల్లిదండ్రులకు ముందే తెలిసేటట్లు నడచుకున్నాడు. తెలిసికూడా వారు పిల్లలను పంపారు. దొర చెప్పే చదువును తీసుకొని దొర మతాన్ని విడిచిపెట్టవచ్చునని వారు తలచారు. ఎక్కువమంది విషయంలో ఆ తలంపే నిజమయింది.

నోబుల్ జీవితం నిరాడంబరమైనది. కుటుంబం లేనందున అతని కాలమంతా బడికి, విద్యార్థులకు చెందినది. ఆ కాలపు కచేరీలలో లంచం సర్వసాధారణం. నోబుల్ శిష్యులలో పలువురు రెవిన్యూ, న్యాయశాఖలలో ఉద్యోగాలు పొంది, చేతివాటం లేనివారుగా పేరు తెచ్చుకున్నారు. వీరిలో అత్యధికులు తమ పూర్వమతంలోనే ఉండిపోయినవారు. నోబుల్ ఆశించిన ఫలితం ఇది కాకపోవచ్చును గాని, అతని బోధ వలన సమాజానికి కలిగిన ప్రయోజనాలలో ఇది గుర్తింపదగినది.

1852 నాటి అలజడి

పాఠశాల ప్రారంభమైన తరువాత దాదాపు తొమ్మిదేళ్ళ వరకు విద్యార్థులెవరూ మతం మారలేదు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు క్రైస్తవ మతం స్వీకరించడానికి ముందుకు వచ్చి బాప్తిస్మం పొందారు. ఈ వార్త పట్టణంలో పెద్ద అలజడి రేపింది. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. పాఠశాల దాదాపు ఖాళీ అయింది.

ఈ ఆగ్రహానికి కారణాలను ఆనాటి కుటుంబాల స్థితి నుండి అర్థం చేసుకోవాలి. మతం మారిన కొడుకు ఆ ఇంటి పంక్తిలో భోజనం చేయలేడు. తల్లిదండ్రుల అంత్యక్రియలు, పితృకార్యాలు చేయలేడు. బాల్యవివాహాలు జరిగే కాలం కాబట్టి, కాపురానికి రాని భార్య స్థితి కూడా అయోమయంలో పడేది. బ్రతికి ఉన్న కొడుకును చనిపోయినవానిగా భావించవలసిన పరిస్థితి ఆ కుటుంబాలకు ఏర్పడేది. దీనికి రెండేళ్ళ ముందు, 1850లో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మతం మారినందువలన గాని, కులం నుండి వెలి అయినందువలన గాని ఒక వ్యక్తి వారసత్వపు హక్కు కోల్పోడని ఆ చట్టం చెప్పింది. ఇది మతం మారేవారికి రక్షణ అయింది. తల్లిదండ్రులకు మాత్రం తమ ఆస్తి, ఆచారం రెండూ ప్రమాదంలో పడ్డాయన్న భయం కలిగించింది.

నోబుల్ వెనుకకు తగ్గలేదు. మిగిలిన కొద్దిమందితోనే బడి కొనసాగించాడు. కొంతకాలానికి విద్యార్థులు తిరిగి వచ్చారు. ఇంగ్లీషు చదువుకు పట్టణంలో వేరే మంచి మార్గం లేకపోవడం ఇందుకు ముఖ్యకారణం. తరువాత కూడా అప్పుడప్పుడు మతమార్పిడులు జరిగాయి. వారిలో ముస్లిం విద్యార్థి జానీ ఆలీ ఒకడు. ఇతడు తరువాతి కాలంలో కేంబ్రిడ్జిలో చదివి, స్వయంగా మతబోధకుడయ్యాడు. రత్నం, భూషణం 1864లో మతగురువులుగా అభిషేకం పొందారు.

కులనియమం, విమర్శలు

నోబుల్ తన పాఠశాలలో మాల, మాదిగ తదితర కులాల బాలురను చేర్చుకోలేదు. ఇది అనుకోకుండా జరిగినది కాదు. తెలిసి చేసిన నిర్ణయం. సమాజంలో పై మెట్టున ఉన్నవారు మారితే క్రింది మెట్టువారు వారిని అనుసరిస్తారనీ, అన్ని కులాలవారిని ఒకే బల్లపై కూర్చుండబెడితే పై కులాలవారు బడికే రారనీ అతని వాదం.

ఈ వాదాన్ని అందరు మతబోధకులూ ఒప్పుకోలేదు. మద్రాసులో జాన్ అండర్సన్‌కు ఇదే సమస్య ముందుగానే ఎదురయింది. అతని బడిలో ఇద్దరు పరయ కులపు బాలురు ఉన్నారని తెలిసి, వారిని తీసివేయకపోతే తాము రాబోమని పై కులాల విద్యార్థులు పట్టుబట్టారు. అండర్సన్ అందుకు అంగీకరించలేదు. చాలామంది బడి విడిచివెళ్ళినా తన నిర్ణయం మార్చుకోలేదు. 1850లో మద్రాసులోని వివిధ మిషనరీ సంస్థల బోధకులు కలిసి, క్రైస్తవులలో కులభేదాలు పాటించడం తగదని తీర్మానించారు. ఇటువంటి పరిస్థితులలో మచిలీపట్నం పాఠశాల నియమం విమర్శకు గురికావడం సహజమే.

కాలం ఈ వాదానికి ఇచ్చిన సమాధానం మరింత గమనింపదగినది. నోబుల్ పై కులాల నుండి క్రిందికి మార్పు ప్రవహిస్తుందని ఆశించాడు. జరిగినది వేరు. కృష్ణా ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు బెజవాడలో థామస్ డార్లింగ్ అనే బోధకుని కలిసి, 1859లో బాప్తిస్మం పొందాడు. అతని ద్వారా అతని బంధువులు, చుట్టుప్రక్కల గ్రామాల మాలలు పెద్ద సంఖ్యలో క్రైస్తవులయ్యారు. డార్లింగ్ కూడా నోబుల్ పనిచేసిన సొసైటీకే చెందినవాడు. అదే సొసైటీ, అదే జిల్లా, అదే కాలం. కాని మార్పు నోబుల్ తలుపు తెరచిన వైపు నుండి రాలేదు, మూసిన వైపు నుండి వచ్చింది. ఇంగ్లీషు చదువు మాత్రం చాలా కాలం పాటు నోబుల్ తలుపు తెరచిన కులాలలోనే నిలిచిపోయింది. ఉద్యోగాలలో, న్యాయవాద వృత్తిలో, పత్రికలలో ఆ తేడా తరువాతి తరాలలోనూ కనిపించింది.

దత్తమండలాలతో పోలిక

ఇదే కాలంలో కడప ప్రాంతంలో జరిగిన కృషిని నోబుల్ కృషితో పోల్చి చూడవచ్చును. 1800లో నిజాము నుండి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలో కడప ఒకటి. సముద్రానికి దూరమైన ఈ ప్రాంతంలో ఇంగ్లీషు చదువు ఆలస్యంగా ప్రవేశించింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్ళలో వీధిబడులే ఆధారంగా ఉండేవి. లండన్ మిషనరీ సొసైటీవారు 1822లో కడపలో పని ప్రారంభించారు. తరువాతి కాలంలో జమ్మలమడుగులో వారు నెలకొల్పిన ఆసుపత్రి పేరు పొందింది.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798 - 1884) 1820లో కడపకు కంపెనీ ఉద్యోగిగా వచ్చాడు. అక్కడ స్వంత ఖర్చుతో ఉచిత పాఠశాలలు నడిపాడు. తరువాత మచిలీపట్నానికి బదిలీ అయినప్పుడు అక్కడ కూడా బడులు పెట్టాడు. అంటే బందరులో నోబుల్ బడి తెరవడానికి దాదాపు రెండు దశాబ్దాల పూర్వమే మరొక ఇంగ్లీషువాడు అక్కడ బడులు నడిపాడన్నమాట. అయితే ఇద్దరి మార్గాలు వేరు. బ్రౌన్ బడులలో దేశభాషలకు ప్రాధాన్యం. ఇక్కడి పండితుల చేత తాళపత్ర గ్రంథాలు పరిష్కరింపజేసి, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించి, తెలుగు సాహిత్యాన్ని లోకానికి చూపినవాడు బ్రౌన్. నోబుల్ లోకాన్ని ఇంగ్లీషు ద్వారా తెలుగు బాలురకు చూపడానికి ప్రయత్నించాడు. తెలుగువారు బ్రౌన్‌ను తమవానిగా తలచినంతగా నోబుల్‌ను తలవకపోవడానికి ఈ తేడాయే ప్రధాన కారణం కావచ్చును.

పై చదువులకు కులం హద్దుగా ఉండడం నోబుల్‌తో మొదలైనది కాదు. జమ్మలమడుగు సమీపంలోని పెద్దముడియం ఇందుకు ఒక ఉదాహరణ. చాళుక్యుల శాసనాలలోని వంశకథలో వచ్చే ముడివేము అగ్రహారం ఈ గ్రామమేనని చరిత్రకారులు గుర్తించారు. భర్తను కోల్పోయి గర్భవతిగా వచ్చిన రాణికి ఆ అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చి, పుట్టిన బిడ్డను పెంచి పెద్ద చేశాడని కథ. అగ్రహారం విద్యకు నిలయం. అయితే ఆ విద్య అందరికీ అందేది కాదు. నోబుల్ తెచ్చిన చదువు కొత్తది. అది ఎవరికి అందాలన్న విషయంలో మాత్రం అతడు పాత హద్దునే అంగీకరించాడు.

1864 ఉప్పెన

1854లో వుడ్ ప్రకటన ద్వారా ప్రభుత్వం పాఠశాలలకు సహాయనిధులిచ్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దీనితో జిల్లాలలోని ఇంగ్లీషు పాఠశాలలకు ఒక లక్ష్యం, పరీక్షల క్రమం ఏర్పడ్డాయి. 1861లో జాన్ షార్ప్ అనే యువ బోధకుడు నోబుల్‌కు సహాయకుడుగా వచ్చాడు. 1859లో జిల్లాల పునర్విభజన జరిగి మచిలీపట్నం కొత్తగా ఏర్పడిన కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణం అయింది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు చరిత్రలో మరపురాని ఉపద్రవం సంభవించింది. తుఫానుతో పాటు సముద్రం పొంగి పట్టణాన్ని, పరిసర గ్రామాలను ముంచివేసింది. సుమారు 30,000 మంది మరణించారని అంచనా. షార్కీ అనే బోధకుని భార్య నడిపే బాలికల వసతి పాఠశాలలో పలువురు బాలికలు మునిగిపోయారు. బావులలో, చెరువులలో ఉప్పునీరు నిండి త్రాగునీరు కరువయింది. శవాల వలన, పాడైన నీటి వలన వ్యాధులు వ్యాపించాయి. వర్తక కేంద్రంగా మచిలీపట్నం ఆ దెబ్బ నుండి పూర్తిగా కోలుకోలేదు.

మరణం

ఉప్పెన జరిగిన మరుసటి సంవత్సరం, 1865 అక్టోబరు 17న నోబుల్ మచిలీపట్నంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 56 సంవత్సరాలు. ఆ కాలపు ఆంగ్ల ఉద్యోగులు, బోధకులు ఆరోగ్యం కోసం కొన్నేళ్ళకొకసారి స్వదేశానికి వెళ్ళడం మామూలు. నోబుల్ 24 ఏళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అతని సోదరుడు జాన్ నోబుల్ అతని జీవితచరిత్రను ఇంగ్లండులో ప్రచురించాడు. పాఠశాల బాధ్యతను జాన్ షార్ప్ స్వీకరించాడు.

నోబుల్ కళాశాల, తరువాతి తరాలు

నోబుల్ తరువాత పాఠశాల అభివృద్ధి చెంది కళాశాల స్థాయికి చేరి, స్థాపకుని పేరుతో ప్రసిద్ధమయింది. అప్పటికి ఇంగ్లీషు చదువు తెలుగు నాట ఒక మోజుగా మారింది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి ప్రదర్శింపబడింది. అందులో వెంకటేశానికి గిరీశం చెప్పే ఇంగ్లీషు చదువు ఆ మోజుకు హాస్యరూపం.

నోబుల్ కళాశాలలో కొంతకాలం అధ్యాపకుడుగా పనిచేసినవారిలో రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862 - 1939) ఒకరు. బ్రహ్మసమాజ నాయకుడైన ఈయన తరువాత కాకినాడలో పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులై, దళిత విద్యార్థులకు చదువు, వసతి కల్పించడానికి విశేషంగా కృషి చేశారు. మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా కూడా పనిచేశారు. నోబుల్ ఎవరికి తలుపు మూశాడో వారికి తలుపు తెరచిన మహనీయుడు అదే సంస్థలో బోధించడం చరిత్రలోని విశేషం.

వెంకటరత్నం నాయుడు బోధనతో ప్రభావితులైన నోబుల్ కళాశాల విద్యార్థులలో ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావు ముఖ్యులు. కృష్ణారావు 1902లో ప్రారంభమైన కృష్ణాపత్రికకు సంపాదకులై తెలుగు పత్రికారంగానికి వన్నె తెచ్చారు. పట్టాభి స్వాతంత్ర్యోద్యమ నాయకులు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు (ఇది 2020లో యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయింది). ఈ ముగ్గురి కృషితో 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ఏర్పడింది. దానికి హనుమంతరావు తన జీవితాన్ని ధారపోశారు. ఇంగ్లీషు పాలకుల విద్యావిధానానికి బదులుగా దేశీయ విద్య, చేతిపనులు, కళలు నేర్పడం ఆ కళాశాల ఆశయం. అంటే నోబుల్ నాటిన విద్యావృక్షపు నీడన చదివినవారే, అతడు తెచ్చిన చదువులోని లోపాలను గుర్తించి వేరొక విద్యాలయాన్ని అదే పట్టణంలో నెలకొల్పారు.

మూల్యాంకనం

నోబుల్ జీవితాన్ని కేవలం మతప్రచారకుని కథగా గాని, కేవలం విద్యాదాత కథగా గాని చూడడం సమగ్రం కాదు. అతడు తన మతం కోసమే వచ్చాడు. చదువు అందుకు సాధనం. పట్టణ ప్రజలు సాధనాన్ని స్వీకరించి, లక్ష్యాన్ని చాలావరకు ప్రక్కకు పెట్టారు. పట్టుదల, నిజాయితీ, విద్యార్థుల పట్ల శ్రద్ధ అతని గుణాలు. కులం విషయంలో సమాజపు హద్దులను మార్చడానికి బదులు వాటికి లోబడి పనిచేయడం అతని కృషిలోని పెద్ద లోపం.

పరాయి దేశానికి వెళ్ళి తన భాష నేర్పే ఉపాధ్యాయుడు ఆ భాషతో పాటు ఉద్యోగపు ఆశను, కొత్త భావాలను, కొన్ని భయాలను కూడా వెంట తీసుకువెళ్తాడు. వాటిలో దేనిని తీసుకోవాలో నిర్ణయించేది విద్యార్థులే. బందరు విద్యార్థులు ఇంగ్లీషును తీసుకొని, దానితో తెలుగు పత్రికను, స్వదేశీ విద్యాలయాన్ని, బ్యాంకును నిర్మించుకున్నారు. దాదాపు ఇరవై రెండేళ్ళు ఒకే ఊరిలో ఒకే బడి నడిపిన ఉపాధ్యాయుని కృషికి ఈ సంస్థలే కొలమానం. ఆ బడిలో చోటు దొరకని బాలురు ఆ కొలమానంలో లెక్కకు రాలేదన్న విషయాన్ని కూడా నోబుల్ చరిత్ర చదివేవారు మరువరాదు.